రెండు వేళ్ల సందు

ముద్ద వచ్చి నడివీధిలో పడింది.

పప్పూ నెయ్యీ కలిపిన అన్నం. పడీ పడగానే రెండు కాకులు దిగాయి. ఎదురింటి అరుగు మీద శ్యామలమ్మ చేతిలో కంచం అట్లాగే ఉండిపోయింది. ఆమె పక్కన ఐదేళ్ల పిల్లవాడు మూతి తుడుచుకుంటూ ఈ ఇంటి కిటికీ వైపే చూస్తున్నాడు.

"నాకు అమ్మ పెట్టాల," అన్నాడు.

"నేనే గదా నాయనా అమ్మను."

"కాదు. నువ్వు పెద్దమ్మవి."

కిటికీ ఊచలకు ఇవతల నిలబడ్డ వెంకటసుబ్బులమ్మ గబుక్కున గోడ చాటుకు తప్పుకుంది. తప్పుకొని ఏం లాభం? వాడు చూడనే చూశాడు. "అదో, అమ్మ దాక్కునింది!" అని చప్పట్లు కొట్టాడు. వాడికి అదొక ఆట.

దత్తతనాడు కట్టిన మామిడాకులు ఇంకా రెండిళ్ల గడపలకూ వేలాడుతూనే ఉన్నాయి. ఈ ఇంట్లో ఓబులేసుగా పుట్టినవాడు ఆ ఇంట్లో రంగనాయకులయ్యాడు. పెదనాన్న నాయనయ్యాడు, పెద్దమ్మ అమ్మయింది, కన్నతల్లి చిన్నమ్మ అయింది. నడుమ ఉన్నది ఒక్క బండి పట్టేంత వీధి. పెద్దవాళ్లు పంచాయితీలో కూర్చొని పేర్లన్నీ మార్చేశారు గానీ, ఆ వీధిని మాత్రం ఎవరూ మార్చలేకపోయారు.

ఎదురింటి లోపలి నుంచి శ్యామలమ్మ భర్త లక్ష్మీనరసయ్య వచ్చాడు. అరుగు దిగి, కాకుల్ని తోలి, ఆ ముద్దను మట్టితో సహా ఎత్తి గోడ పక్కన పెట్టాడు. అన్నం తొక్కుడు పడడం ఆయనకు గిట్టదు. ఈ వైపు చూడలేదు. తమ్ముడి భార్య ముఖం చూసి మాట్లాడే అలవాటు ఆయనకు లేదు.

"శ్రీరాములూ," అని మాత్రం పిలిచాడు, మామూలు గొంతుతోనే.

తమ్ముడు శ్రీరాములు ఎడ్లకొట్టంలోంచి పరుగున పోయాడు.

ఆయన చెడ్డవాడైతే సుబ్బులు కడుపారా తిట్టుకొని ఊరుకునేది. కాడే! అదే వచ్చిన చిక్కు. తండ్రి పోయినాక తమ్ముణ్ని భుజాన వేసుకొని పెంచినవాడు. పిల్లలు లేరని రెండో పెళ్లి చేసుకోమని ఎంతమంది పోరినా, శ్యామల ఏడుస్తుందని వద్దన్నవాడు. ఈ పిల్లవాడు అన్నం తినకపోతే తానూ తినడు. దినదినానికీ చిక్కిపోతున్నాడు కూడా. అట్లాంటి మనిషి మీద ఎట్లా కోపగించుకోవాలో సుబ్బులుకు చేతకాలేదు. కోపం ఎటు పోవాలో తెలియక అటు తిరిగి ఇటు తిరిగి మొగుడి మీదికే వచ్చేది.

శ్రీరాములు తిరిగి వచ్చి గడప మీద కూలబడ్డాడు.

"కిటికీలకు తెరలంట," అన్నాడు.

"ఏం తెరలు?"

"చుట్టుకునేవి. గిద్దలూరులో రైలు బంగళాకు ఉన్నాయి గదా, దొరలు దిగేది. పైన రోలరు ఉంటాది, దాంట్లో స్ప్రింగు. తాడు లాగితే కిందికి దిగుతాది, మళ్లీ లాగి వదిలితే సర్రున పైకి చుట్టుకుంటాది. అన్న చూసొచ్చినాడు. ఆ బంగళాకు కుట్టినాయనే వస్తన్నాడు, కొలతలకు."

"మనకెందుకయ్యా దొరల తెరలు?"

శ్రీరాములు మెడ గోక్కున్నాడు. "అమ్మకు ఎండ కొడతాదని."

గదిలో మూల మంచం మీద నుంచి తల్లి మాలకొండమ్మ అందుకుంది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయినా ఆమె నోటికి ఏ రోగమూ రాలేదు.

"నాకు ఎండ కొడతాదని నీకు నేనెప్పుడు చెప్పినారా?"

"నిజం చెప్పు," అంది సుబ్బులు. "నేను కనపడకూడదు. అంతే గదా?"

"నువ్వు కనపడేకొద్దీ వాడు ముద్ద మింగడం లేదు సుబ్బులూ. చూస్తనే ఉండావు గదా నువ్వు కూడా."

చూస్తూనే ఉంది. అందులో అబద్ధం లేదు.

"కిటికీ రెక్కలు మూసేస్తే పోలా?" అంది సుబ్బులు.

"మూస్తే అమ్మకు ఊపిరాడదు. ఇంకోటి, పట్టపగలు కిటికీలు బిగించుకుంటే ఊళ్లో అడగరా, ఏంది కథ అని? తెరైతే ఎవురూ అడగరంట. మర్యాదకు కట్టుకున్నారు అనుకుంటారంట."

"ఇదంతా బావ చెప్పినాడా?"

"అన్నే."

"నువ్వేం చెప్పినావు?"

శ్రీరాములు గడప మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"నువ్వేం చెప్పినావయ్యా?"

"సరే అన్నా."

సుబ్బులు నవ్వింది. ఏడుపు రావలసిన చోట నవ్వు రావడం ఆమెకు ఈమధ్యనే అలవాటయింది. "దత్తతకూ సరే అన్నావు. పేరు మారుస్తే సరే అన్నావు. రేపు నన్ను బావిలో దూకమంటాడేమో, దానికీ సరే అను."

"అట్ల మాట్లాడాకు."

"నేను వెనకింట్లోకి పోతా. ఈ గదిలోకే రాను. అప్పుడు తెరలెందుకు?"

"అమ్మను ఎవురు చూస్తారు?" అన్నాడు శ్రీరాములు. "వెనకిల్లు నిండా గాదెలు. మంచం పట్టదు. పక్క మార్చాలన్నా, ముద్ద పెట్టాలన్నా నువ్వు ఈడ ఉండాల్సిందే."

మంచం మీద ముసలామె ముఖం గోడ వైపు తిప్పుకుంది. తన కాలూ చెయ్యీ సరిగ్గా ఉంటే ఈ గొడవే రాదని ఆమెకు తెలుసు.

శ్రీరాములు లేచాడు. గడప దాటబోయి మళ్లీ ఆగాడు.

"ఇంకో మాట కూడా అన్నాడు. వాడంతట వాడు ఉరికొస్తే పసోడు గదా అని ఊరుకుంటాడంట. నువ్వు పిలిస్తే మాత్రం ఊరుకోడంట. నోటితో పిలిచినా సైగతో పిలిచినా ఒకటేనంట."

"పిలిస్తే?"

"చంద్రశేఖరపురం. వదినోళ్ల పుట్టింటికి పంపిస్తాడు. వాడికి ఊహ తెలిసి, ఈ ఇల్లు మరిచిపోయిందాకా ఆడనే."

ఎదురింటి అరుగు మీద కొడుకు అన్నం తినకపోయినా, వాడు తినడం లేదని ఇన్నాళ్లూ సుబ్బులు కళ్లారా చూస్తోంది. చంద్రశేఖరపురంలో తింటున్నాడో లేదో ఎవరు చెబుతారు?

"నేనెప్పుడు పిలిచినా?" అంది. "ఒక్కసారన్నా పిలిచినానా?"

"పిలవలేదు," అన్నాడు శ్రీరాములు. "నాకు తెలుసు."

ఆ మాట వాళ్లన్న ముందర అనవచ్చు గదా! అనడు. అట్లాంటి మాటలు అతనికి భార్య ముందరే వస్తాయి.

సుందరరాజు పొద్దెక్కినాక వచ్చాడు. చంకలో గుడ్డ సంచీ, మెడలో కొలత టేపు. పాదిరీల మిషను కాంపౌండులో కుట్టుపని నేర్చినవాడు. మాటకారి. పెద్దింటికి వచ్చానన్న భయం కొంత, పని తెలిసినవాణ్నన్న హుషారు కొంత కలిసి, వీధిలో నిలబడే వాగుతున్నాడు.

"రెండు కిటికీలేనా అయ్యా? మంచి కొయ్య. బంగళాలో ఇంత మంచి కొయ్య లేదు. ఆడ చెదలు."

లక్ష్మీనరసయ్య తన ఇంటి బల్ల తెప్పించి కిటికీ కింద వేయించాడు. తాను ఎదురరుగు మీద కూర్చొని పిల్లవాణ్ని ఒళ్లో బిగించి పట్టుకున్నాడు. సుందరరాజు బల్ల ఎక్కి టేపు సాగదీశాడు. ఊచలకు తగిలి టేపు మెలిక పడింది. మరోవైపు నుంచి చూశాడు. మళ్లీ మెలిక.

"అయ్యా, బయట నుంచి కుదరడం లేదు. రోలరు కూచునేది లోపల, చట్రం నడుమ. ఈ ఊచలు అడ్డం. లోపలి కొలత కావాలయ్యా."

"నువ్వు లోపలికి పోవడం కుదరదు గదా."

"అయ్యో, నేనడగలేదయ్యా. నాకు తెలవదా? బంగళాలో అయితే దొరసాని గారు..." అని, అంతటితో మింగేశాడు.

"ఇది బంగళా కాదు," అన్నాడు లక్ష్మీనరసయ్య. కోపంగా ఏమీ అనలేదు. ఉన్నమాట అన్నట్టు అన్నాడు.

చివరికి ఉపాయం సుందరరాజే చెప్పాడు. ఇంట్లోవాళ్లే దారంతో కొలవాలి. పైన ఒకసారి, నడుమ ఒకసారి, కింద ఒకసారి దారం ఆనించి చూడాలి. మూడింట్లో ఏది తక్కువైతే అక్కడికి దారం తెంపి ఇవ్వాలి. ఆ దారమే కొలత. ఒక్కో కిటికీకి ఒక్కో దారం. అని చెప్పి, దారపుండను కిటికీ గూట్లో పెట్టి బల్ల దిగాడు.

శ్రీరాములు లోపలికి వచ్చి మైల పోవాలని చెంబులో నీళ్లు ఆ ఉండ మీద చిలకరించి, చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ ముందర నిలబడ్డాడు. దారం కొస ఒక వైపు ఆనించాడు. రెండో వైపుకు లాగేలోపు మొదటిది జారిపోయింది. మళ్లీ ఆనించాడు. మళ్లీ జారింది.

"కొలువు," అంది సుబ్బులు. "సరే అన్నోడివి నువ్వే గదా."

"కొలుస్తన్నా."

"వణుకెందుకు? నీ కొడుకు అగుపడకుండా నీ చేతులతోనే కట్టు. కొలువు."

"నోరు ముయ్యి సుబ్బులూ."

"వాడు నీ కొడుకు కాదా? నన్నొక్కదాన్నే అంటున్నారు గానీ, నిన్నెవురన్నా అడిగినారా, నీకెట్ల ఉండాదని?"

శ్రీరాములు దారపుండను గూట్లో పెట్టాడు. కళ్లు ఎర్రబడ్డాయి. "పీట తెస్తా, పైన అందదు," అని బయటికి పోయాడు. పీట రాలేదు, మనిషీ రాలేదు. వీధిలో బల్ల పక్కన నిలబడి సుందరరాజుతో వానల సంగతి మాట్లాడుతున్న గొంతు వినపడింది.

"వాడు రాడు," అంది మాలకొండమ్మ. "చిన్నప్పుడు గొర్రెపిల్లను కోసే రోజు కూడా ఇట్లనే, కత్తి తెస్తానని పోయి గడ్డివాములో పడుకున్నాడు."

వీధిలోంచి లక్ష్మీనరసయ్య గొంతు వచ్చింది. "అమ్మా! కొలతలు అయినాయా?"

"అవుతాయిలేరా, కొంపలేం మునగలేదు!" అని ముసలామె కేకేసింది. తరువాత గొంతు తగ్గించి, "కానియ్ అమ్మీ. ఎవురో ఒకరు కొలవాల గదా," అంది.

సుబ్బులు దారం తీసుకుంది.

కుడివైపు కిటికీలోంచి చూస్తే ఎడ్లకొట్టం తప్ప ఏమీ కనపడదు. దాన్ని ముందు కొలిచింది. పైన, నడుమ, కింద. తేడా లేదు. దారం తెంపడానికి అత్త తలగడ కింద ఉన్న అడకత్తెర తీసుకుంది. వక్కలు కత్తిరించే అడకత్తెరతో దారం టక్కున తెగింది.

తరువాత ఎడమవైపు కిటికీ దగ్గరికి వచ్చింది. అదే ఎదురరుగుకు సూటిగా ఉండేది. అరుగు మీద బావ ఒళ్లో పిల్లవాడు కాళ్లు ఆడిస్తున్నాడు. ఆమెను చూసి బుగ్గలు పూరించాడు. ఆమె ఏ సైగా చేయలేదు. తల దించుకొని దారం ఆనించింది.

పైన, నడుమ, కింద. దారం బిగించి అడకత్తెర నోట్లో పెట్టింది. పెట్టి, ఆగింది.

దారం కాస్త తగ్గితే తెర కాస్త తగ్గుతుంది. తెర తగ్గితే పక్కన సందు మిగులుతుంది. సందులోంచి వాడికి ఆమె కనపడదు. ఆమె కన్ను ఆనించి చూస్తే వాడు కనపడతాడు. వాడు అన్నం తింటాడు, ఆమె చూస్తుంది. ఎవరికి నష్టం?

వేళ్లు దారం మీద వెనక్కు జరిగాయి.

"ఒక వేలు చాలు," అంది మాలకొండమ్మ.

సుబ్బులు ఉలిక్కిపడి తిరిగింది. ముసలామె ఆమె వైపు చూడడం లేదు, పైకప్పు దూలాలను చూస్తోంది.

"ఒక వేలు తగ్గిస్తే కొయ్య వంకర అనుకుంటారు. రెండైతే తెలిసిపోతాది. నా మంచం నుంచి కూడా ఆ పక్కనే అగుపడతాది వాడి తల. ఒక వేలు చాలు."

సుబ్బులు ఒక వేలు పెట్టి చూసింది. ఒక వేలి సందులో ఏం కనపడుతుంది? తల కనపడితే కంచం కనపడదు, కంచం కనపడితే తల కనపడదు. తల్లి ప్రాణం ఒక వేలితో సరిపెట్టుకోలేకపోయింది. రెండో వేలు కూడా ఆనించి, కళ్లు మూసుకొని, టక్కున తెంపింది.

తెగిన ముక్కను కొంగున ముడివేసుకొని, రెండు దారాలనూ ఊచల సందులోంచి బల్ల మీదికి వదిలింది.

సుందరరాజు వాటిని ఏరుకొని రెండింటినీ జతచేసి పట్టుకున్నాడు. వాడి ముఖంలో హుషారు తగ్గింది. ఒకటి కిందికి వేలాడుతోంది. మళ్లీ జతచేశాడు. మళ్లీ అంతే.

"ఏంది?" అన్నాడు లక్ష్మీనరసయ్య ఎదురరుగు నుంచి.

"ఏం లేదయ్యా. కొయ్య పని గదా, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ..." వాడు దారాలను చుట్టేయబోయాడు.

"ఇట్ల చూపించు."

లక్ష్మీనరసయ్య పిల్లవాణ్ని చేత్తో పట్టుకొని వీధి దాటి వచ్చాడు. సుందరరాజు దారాలను బల్ల మీద పరిచి పక్కకు జరిగాడు. ఆయన వంగి చూశాడు. తన రెండు వేళ్లు తేడా మీద పెట్టాడు. సరిగ్గా పట్టాయి.

"ఈ రెండు కిటికీలూ మా నాయన చేయించినాడు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "ఒకే దుంగ, ఒకే వడ్రంగి. వీటికి తేడా ఎట్ల వస్తాది శ్రీరాములూ? నువ్వేనా కొలిచింది?"

శ్రీరాములు ఔననలేదు, కాదనలేదు. ఔనంటే పోయేది. ఆ ఒక్కమాట అని ఉంటే అంతా అక్కడికి సద్దుమణిగేది. అతను కాలి బొటనవేలితో మట్టి గీస్తూ నిలబడ్డాడు.

లోపల మాలకొండమ్మ కళ్లు మూసుకుంది. "ఒక వేలు చాలంటి గదా అమ్మీ," అంది.

సుబ్బులుకు ముఖం చెల్లలేదు. తప్పు చేశానని కాదు. అంత చిన్న తప్పు కూడా తనకు దక్కలేదని.

లక్ష్మీనరసయ్య కోప్పడలేదు. దారాలు రెండూ వేలికి చుట్టుకున్నాడు.

"ఇంక లోపలి కొలత వద్దు. బయటే బిగించు సుందరరాజూ. చట్రానికి అటు జానెడు, ఇటు జానెడు ఎక్కువే పెట్టు. ఎక్కడా సందు ఉండకూడదు."

"బయటే అంటే... చూరు ఉండాది కాబట్టి వానకు భయం లేదయ్యా. కానీ బయట బిగిస్తే తాడు కూడా బయటే ఉంటాది. లోపలోళ్లకు అందదు."

"ఉండనీ. పొద్దుగూకినాక నేనే వచ్చి ఎత్తుతా. మా అమ్మకు గాలి ఆడాల గదా."

సుబ్బులు ఊచలు పట్టుకుంది. తన కిటికీ ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో ఇకమీదట వీధిలో తేలుతుంది. రెండు వేళ్లకు ఆశపడకపోయి ఉంటే తాడు తన చేతిలోనే ఉండేది. పగలు వాడు అరుగు మీద నిద్రపోయినాక ఒక్కసారన్నా ఎత్తి చూసుకునేది.

"తాడు ఎంత పొడుగు వదలమంటారయ్యా?" సుందరరాజు అడిగాడు. "పిల్లలున్న వీధి. ఊరికూరికే లాగితే స్ప్రింగు చెడిపోతాది."

లక్ష్మీనరసయ్య పక్కన నిలబడ్డ పిల్లవాణ్ని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయనకూ అది ఇష్టమైన పని కాదని ఆ చూపులో తెలుస్తూనే ఉంది.

"వీడికి అందకూడదు," అన్నాడు. "రంగనాయకులూ, ఆ గోడకు ఆనుకొని నిలబడు నాయనా. చెయ్యి పైకెత్తు, చూద్దాం నీకు ఎంతదాకా అందుతాదో."

పిల్లవాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. దత్తత అయినప్పటి నుంచి వాణ్ని ఈ గోడ దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు నాయనే పొమ్మంటున్నాడు! కిటికీ కింద గోడకు వీపు ఆనించి, తల వెనక్కి వంచి తల్లిని చూశాడు. కుడి చెయ్యి ఎత్తాడు.

"ఇంతే అందుతాదా?" అన్నాడు సుందరరాజు, పిల్లవాణ్ని ఆడిస్తున్నట్టు.

"కాదు, ఇంకా!"

వాడు మునివేళ్ల మీద లేచాడు. చిన్న బొజ్జ లోపలికి పోయింది, చొక్కా పైకి లేచింది. సుందరరాజు టేపు వాడి వేళ్ల కొస దగ్గర పెట్టి గోడ మీద బొగ్గుతో గీత గీశాడు.

"అమ్మా, చూడు!" అని వాడు ఇంకా సాగాడు. పాత గీత పైన ఇంకో గీత పడింది.

వాడు ఎంత సాగితే తాడు అంత పైకి పోతుంది. అది వాడికి తెలియదు. తల్లి చూస్తోందని, తన బలమంతా చూపిస్తున్నాడు. దించరా, దించరా నాయనా, అని ఆమె గొంతులో కొట్టుకుంటోంది. నోరు విప్పితే చంద్రశేఖరపురం. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్లవాడు మూడోసారి ఎగిరాడు. బొగ్గు మళ్లీ గోడ మీదికి పోయింది.

ఇక ఆగలేకపోయింది. బావ టేపు వైపు చూస్తున్నాడు గదా అనుకొని, ఊచల సందులోంచి చెయ్యి కొంచెం బయటికి పెట్టింది. అరచెయ్యి కిందికి తిప్పి, వేళ్లు కిందికి కిందికి ఊపింది. దించు, దించు.

పిల్లవాడి ముఖం వెలిగింది.

అన్నానికి ఆ చెయ్యి అట్లాగే ఊగేది. నీళ్లు పోసుకోవడానికి, నిద్రకు, ముద్దుకు, దెబ్బకు కూడా ఆ చెయ్యి అట్లాగే ఊగేది. పుట్టినప్పటి నుంచి వాడికి దానికి ఒకటే అర్థం.

"వస్తన్నా!" అని వాడు గోడను వదిలి ఉరికాడు. అరుగెక్కి, గడప దాటి, గది లోపలికి వచ్చి ఆమె నడుమును రెండు చేతులా వాటేసుకున్నాడు. "పిలిచినావు! నన్ను పిలిచినావు గదమ్మా!"

వీధిలో ఎవరూ కదల్లేదు. ఊచల నడుమ ఆమె చెయ్యి ఇంకా అట్లాగే బయటికి ఉంది. దాన్ని లోపలికి తీసుకోవడం కూడా మరిచిపోయింది.

"పిలవలేదు," అంది సుబ్బులు. కాపురానికి వచ్చింది మొదలు బావతో ఎదుటపడి మాట్లాడడం ఆమెకు ఇదే మొదలు. "చెయ్యి దించమన్నా బావా. ఆ గీత పైకి పోతాదని, దించమన్నా. పిలవలేదు."

లక్ష్మీనరసయ్య ఆమె వైపు చూడలేదు.

"శ్రీరాములూ, నువ్వు చూస్తనే ఉండావు గదా. ఆ చెయ్యి ఏమన్నాది?"

శ్రీరాములు తన చెయ్యి తాను చూసుకున్నాడు. అరచెయ్యి కిందికి తిప్పి, మెల్లగా ఊపి చూశాడు. దించమన్నా అట్లాగే ఉంటుంది. రమ్మన్నా అట్లాగే ఉంటుంది. ఆ మాట చెబితే చాలు.

"చెప్పు."

"ఏమో అన్నా... రమ్మన్నట్టే ఉండె."

కిటికీ వెనక సుబ్బులు కళ్లు మూసుకుంది.

"బండి కట్టమను," అన్నాడు లక్ష్మీనరసయ్య. "శ్యామలను కూడా బయల్దేరమను. వాడు ఆడన్నా రెండు ముద్దలు తింటాడు."

సుందరరాజు బల్ల మీది సంచీ ఎత్తుకోవాలో వద్దో తెలియక నిలబడ్డాడు. "అయ్యా... మరి తెరలు?"

"వాడే లేకపోతే తెరలు దేనికి?"

సుందరరాజు టేపు చుట్టి మెడలో వేసుకున్నాడు. గోడ మీది బొగ్గు గీతలను అరచేత్తో తుడవబోయాడు. తుడిస్తే ఇంకా నల్లగా పరుచుకున్నాయి.

గదిలో పిల్లవాడు తల ఎత్తి అడుగుతున్నాడు. "నేను ఎంత ఎత్తు అందుకున్నానో చూసినావా అమ్మా?"

"చూసినా నాయనా."

గడప బయట అరుగు మీద లక్ష్మీనరసయ్య చెప్పులు విడిచిన చప్పుడయింది.

"అమ్మీ," అంది మాలకొండమ్మ మంచం మీద నుంచి. ఎడమ చేత్తో మంచంకోడు పట్టుకొని సగం లేవబోయి, లేవలేక, మళ్లీ పడింది. "గడియ పెట్టు. తలుపు మూసి గడియ పెట్టమ్మీ. నా పేరు చెప్పు. వాడు నా కొడుకే గదా, నన్ను దాటి రాడు. పెట్టు!"

సుబ్బులు తలుపు వైపు చూసింది. నాలుగడుగుల దూరం కూడా లేదు. పిల్లవాడు ఆమె నడుమును రెండు చేతులా బిగించి పట్టుకొని ఉన్నాడు. తలుపు దాకా పోవాలంటే ముందు ఆ చేతులు విడిపించుకోవాలి.